విడదీయరాని తిరుపతి

జిల్లాలు పంచిన పెద్దలు పార్లమెంటు నియోజకవర్గాలు చూశారు, దూరాలు చూశారు, ఎవరెవరు అలుగుతారో కూడా చూశారు. పిన్‌కోడ్లు మాత్రం చూడలేదు. ఇది క్షమించరాని లోపం.

చిత్తూరు 517001నే తీసుకోండి. బేసి సంఖ్య, చివర 5 లేదు, అంకెల మొత్తం 14 గనక 3తోనూ పోదు. 7, 11, 13 కూడా చేతులెత్తేస్తాయి. చాలామంది ఇక్కడే విసిగి ప్రధాన సంఖ్య అని రాసేస్తారు. కాస్త ఆగి మూడేసి అంకెలు విడదీసి కూడండి: 517+001=518, అంటే పద్నాలుగు ముప్పైయేడ్లు. 999ని 37 భాగిస్తుంది గనక ఈ కిటుకు పనిచేస్తుంది. 37తో భాగిస్తే వచ్చే 13973 అంటే 89×157. చిత్తూరు పుట్టుకతోనే మూడు ముక్కలన్నమాట. 2022 ఏప్రిల్ 4న పాత జిల్లా చిత్తూరు, తిరుపతి, అన్నమయ్య జిల్లాల్లోకి పోయిందంటే ప్రభుత్వం కొత్తగా చేసిందేమీ లేదు, కారణాంకాలు రాసి సంతకం పెట్టింది.

తిరుపతి 517501 అలా లొంగే రకం కాదు. 2 నుంచి 719 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలు 128. అన్నిటితోనూ భాగించి చూడాల్సిందే. ఆపైన అక్కర్లేదు, 720 వర్గమే 518400. అంతకన్నా పెద్ద కారణాంకం ఉంటే దాని జోడీ ఈపాటికే పట్టుబడి ఉండాలి. 23 దగ్గర శేషం 1, 353 దగ్గర 3. చేత్తో చేసేవాళ్లు తీసివేతలో తప్పి, దొరికిందని సంబరపడేది ఇలాంటి చోట్లే. ఆఖరి 719 సైతం 540 మిగిల్చి వెనుదిరుగుతుంది. ప్రధాన సంఖ్యే, సందేహం లేదు. ఏ గెజిట్టూ దీన్ని చీల్చలేదు. సరిగ్గా 517501 మంది భక్తులొస్తే సమానమైన వరసలు కట్టించడం ఎవరి తరమూ కాదు, ఒకటే బారు. (స్థానికులకు ఇదేం కొత్త కాదు.)

కొండమీది 517504ది పంచిపెట్టే గుణం. 504లోంచి 517 తీస్తే −13. 1001 అంటే 7×11×13 గనక, 13 ఈ సంఖ్యనూ భాగిస్తుందని అక్కడే తేలిపోయింది. పూర్తిగా విప్పితే ఏడు రెళ్లు, ఒక 13, ఒక 311. భాజకాలు 32. ఏడుకొండలకు ఏడు రెళ్లు! ఈ ముక్క న్యూమరాలజిస్టుల చెవిన పడనీయకండి. 7 మాత్రం ఈ సంఖ్యను భాగించదని వాళ్లెలాగూ చెప్పరు.

వాళ్ల శాస్త్రమంతా అంకెలు కూడుతూ పోయి ఒక్క అంకె మిగల్చడమే. అది 9తో భాగిస్తే వచ్చే శేషం, సున్నా వస్తే తొమ్మిదంటారు. తిరుపతికి 1, తిరుమలకు 4, చిత్తూరుకు 5. అంకెలు ఎటు తారుమారు చేసినా ఫలితం మారదు, ఫీజూ మారదు. కారుకు 9999 కావాలని వేలంలో పోటీపడతారే, ఆ తొమ్మిదే 4572లోనూ ఉంది. దాని జోలికి ఎవరూ పోరు.

కనుక ఈసారి పునర్విభజన కమిటీలో భాగహారం వచ్చిన మనిషిని ఒకరినైనా వేయాలి. 128 భాగహారాలకూ విడివిడిగా టీఏ, డీఏ ఇవ్వాలి.