ప్లాస్టిక్ ఎముకకు బామ్మర్ది ఉండడు

పాదాలు, చీలమండలు విరిగితే సరిచేసే సర్జన్లకు ఇచ్చే ట్రైనింగ్ మీద నాకో తీవ్రమైన అభ్యంతరం ఉంది. మెడలో ట్యాగు, టేబుల్ మీద ప్లాస్టిక్ ఎముక, చేతిలో డ్రిల్లు, మధ్యలో బిర్యానీ. విరిగిన ఎముకను ప్లేట్లు, స్క్రూలతో బిగించే పనిని పద్ధతిగా నేర్పాలని 1958లో స్విట్జర్లాండ్ సర్జన్లు కొందరు ‘ఏఓ’ అనే బృందం పెట్టారు, 1960లో దావోస్‌లో తొలి కోర్సు నడిపారు. గొప్ప పనే, కాదనను. కానీ ప్లాస్టిక్ ఎముకకు బామ్మర్ది ఉండడు. వరంగల్‌లో ఆర్థో వార్డుకు వచ్చే ప్రతి కాలు వెంటా ఒకడు తప్పకుండా వస్తాడు, ఎక్స్‌రేను ట్యూబ్‌లైట్‌కు ఎత్తిపట్టి, తలకిందులుగా చూసి, “చిన్న క్రాకే” అని తేల్చేస్తాడు.

మడమ సంగతే చూడండి. తాటిచెట్టు మీది నుంచి జారి కాళ్ల మీద పడితే ముందు నలిగేది అదే, బరువంతా నిలువునా పైకి తగులుతుంది కాబట్టి వెన్నుపూసను కూడా చూడాలి. గీత కార్మికుల కోసం 2024లో సర్కారు కాటమయ్య రక్షణ కిట్లు తెచ్చింది, మంచిదే. అయినా పడ్డాడనుకుందాం. వాచిన మడమ మీద వెంటనే కోత పెడితే గాయం మానక కుళ్లే ప్రమాదం ఎక్కువ. అందుకే వాపు దిగి తోలు మీద ముడతలు కనిపించేదాకా, వారమో రెండు వారాలో, ఆగుతారు. ఇది ఏ పీజీ డాక్టర్‌ని అడిగినా చెబుతాడు. కానీ బామ్మర్దికి ఎలా చెప్పాలో ఎవరూ నేర్పలేదు. “ఏంది సార్, వారం రోజులాయె, ఆపరేషన్ చేస్తరా, గది కిరాయి కోసం పండవెట్టిండ్రా?” అంటాడు. ఇది సర్కారు దవాఖానా, ఇక్కడ గదే లేదు, కిరాయి ఎక్కడిది అన్నా అనుమానం తీరదు. ఈలోపు పెద్దమ్మ ఒకావిడ వచ్చి పసరు కట్టు గట్టిగా బిగిస్తుంది, ఉబ్బిన తోలు మీద నీళ్ల బొబ్బలు లేస్తాయి, ఆపరేషన్ ఇంకా వెనక్కి పోతుంది. తప్పెవరిది? డాక్టర్‌దే, ఇంకెవరిది!

చీలమండలో లెక్క ఇంకా సున్నితం. లోపలి టాలస్ ఎముక ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే కీలులో ఎముకలు ఆనే వైశాల్యం సగటున 42 శాతం తగ్గుతుందని 1976లో అమెరికాలో ఇద్దరు కొలిచి చూపారు. తర్వాత కీలు అరిగిపోయే భయం అక్కడే. అది వివరించబోతే జవాబు రెడీ: “ఒక్క మిల్లీమీటరే గదా సార్, జర అడ్జస్ట్ చేయుండ్రి.” మరి ఆ పేషెంట్ బైకు పడింది మోకాలి లోతు గుంతలో. ఆ గుంతను ప్యాచ్ వర్క్ అని పిలిచి బిల్లు ఎత్తుకున్న కాంట్రాక్టర్‌కు మాత్రం మిల్లీమీటర్ల ట్రైనింగ్ అక్కర్లేదు.

పాదం మధ్యలో లిస్‌ఫ్రాంక్ అనే కీలు ఉంది, నెపోలియన్ సైన్యంలో పనిచేసిన సర్జన్ పేరు. అక్కడ దెబ్బ తగిలితే పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో ఒక్కోసారి ఏమీ కనిపించదు. అరికాలు ఎత్తి చూస్తే నల్లగా కమిలి ఉంటుంది. తెలిసిన డాక్టర్ అరికాలు ఎత్తి చూస్తాడు. చూసినందుకు, “పైన నొప్పంటే కింద చూస్తుండేందే!” అని వార్డంతా నవ్వుతుంది.

ఆపరేషన్ అయ్యాక “ఆరు వారాలు కాలు కింద పెట్టొద్దు” అంటారు కదా, మన అనువాదం ప్రకారం అది మూడో రోజు నుంచి “జర జర, పైపైన” పెట్టొచ్చని. ప్రాణం దక్కించింది సమ్మక్క సారలమ్మ కాబట్టి నడుచుకుంటూ పోయి మేడారంలో బెల్లం ఇయ్యాలె, స్క్రూ ఊడితే డాక్టర్‌ను అడగాలె. దిండు కింద బీడీ కట్ట సంగతి వేరే, పొగ తాగితే గాయం, ఎముక రెండూ ఆలస్యంగా మానతాయని చెప్పిన సిస్టర్ మీదే కోపాలు.

కాబట్టి నా ప్రతిపాదన స్పష్టం. ఇకపై వర్క్‌షాప్‌లో ప్రతి ప్లాస్టిక్ ఎముక పక్కన ఒక బామ్మర్దిని కుర్చీ వేసి కూర్చోబెట్టాలి. స్క్రూ బిగించేటప్పుడు ఫోన్‌లో వీడియో తీస్తూ, “మా ఊరోనికి రాడ్డేసిండ్రు, నువ్వేంది ప్లేటేస్తున్నవ్?” అని అడగడం ఆయన డ్యూటీ. చెయ్యి వణక్కుండా స్క్రూ దిగితేనే సర్టిఫికెట్. ఎగ్జామినర్‌గా పెద్దమ్మను పిలుద్దామనుకున్నాం గానీ, ఆమె ఇప్పటికే హన్మకొండలో ఇంకో కాలు కట్టే పనిలో ఉన్నారట.