‘ఉన్నది ఉన్నట్టు’ అని సంతకం పెట్టినా పాత కారు వెనక్కి ఇవ్వొచ్చు

బెంగళూరులో సెకండ్‌హ్యాండ్ కారు కొన్న పది రోజులకే గేర్‌బాక్స్ మొరాయిస్తే, డీలర్ ముందుగా చూపించేది డెలివరీ నోట్ మీద మన సంతకమే. ‘ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నాను’ అని అందులో రాసి ఉంటుంది. చాలామంది అక్కడే చేతులెత్తేస్తారు.

ఆ వాక్యం డీలర్‌కు పనికొచ్చేది వయసుతో వచ్చే అరుగుదల వరకే. ఎనిమిదేళ్ల కారుకు క్లచ్ ప్లేట్ అరిగిందని డబ్బు వాపసు అడిగితే నిలవడం కష్టం, అది న్యాయమే. వెనక్కి తిప్పిన మీటరు, దాచిపెట్టిన యాక్సిడెంట్, నీట మునిగిన చరిత్ర వేరు. అది మోసం. పైగా లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువే రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) అనుచిత వాణిజ్య విధానాల్లో చేర్చింది. అందుకే బిల్లు లేకుండా కారు తీసుకోకూడదు.

2022 సెప్టెంబరులో బెల్లందూరు వైపు వరద వచ్చింది. నీళ్లలో నానిన కారు ఆరాక నెలల తరబడి బాగానే నడవొచ్చు. వైరింగ్ కనెక్టర్లకు పచ్చటి చిలుము పట్టాక సెన్సార్లు ఒక్కొక్కటే మొరాయిస్తాయి. సీట్ బెల్ట్‌ను చివరిదాకా లాగితే బురద చార, స్పేర్ టైర్ కింద ఒండ్రు, సీటు బోల్టులకు తుప్పు కనిపించవచ్చు.

‘తెచ్చివ్వండి, మా మెకానిక్ చూస్తాడు’ అన్న డీలర్ మాట వింటే కేసు చేజారుతుంది. కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల సంకేతాలను (ఫాల్ట్ కోడ్లు) స్కానర్‌తో చెరిపేస్తారు, పాత పార్టు మాయమవుతుంది. ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌లో కిలోమీటర్ల రీడింగ్, ఫాల్ట్ కోడ్లతో తనిఖీ నివేదిక రాయించుకోండి. పాత సర్వీస్ రికార్డు అడగండి. మూడేళ్ల కిందట 78,000 ఉన్న రీడింగ్ ఇప్పుడు 52,000 చూపిస్తే అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. లోపమేమిటో, డబ్బు ఎన్ని రోజుల్లో వాపసు కావాలో రాసి ఈమెయిల్‌తో పాటు స్పీడ్ పోస్టులోనూ పంపండి. ఆ తర్వాత కారు తిప్పకండి. లోన్ వాయిదాలు మాత్రం ఆపొద్దు. బ్యాంకుకు ఈ గొడవతో సంబంధం లేదు.

‘మేం మధ్యవర్తులమే, అమ్మింది పాత ఓనరు’ అనడం ఇంకో ఎత్తు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న మోటారు వాహన నిబంధనల ప్రకారం పాత వాహనాల డీలర్‌కు ఆర్టీఓ అధీకృత సర్టిఫికెట్ ఉండాలి. ఓనరు కారు అప్పగించినట్టు ఫారం 29సి దాఖలైతే బాధ్యత డీలర్‌దే. ఈ రెండూ అడ్వాన్స్ ఇచ్చే ముందే చూడాలి.

కారు ధర 50 లక్షల వరకు ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. 5 లక్షల వరకు ఫీజు లేదు, ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు. హిందూపురంలోనో చిత్తూరులోనో ఉంటున్నవాళ్లు బెంగళూరుకు రానక్కర్లేదు, తాముండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. బతుకుతెరువుకు తానే నడుపుకునే క్యాబ్ డ్రైవర్ కూడా వినియోగదారుడే. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు.

డీలర్ రాజీకొచ్చి కారు వెనక్కి తీసుకుంటానంటే, డబ్బు ఖాతాలో పడ్డాకే యాజమాన్యం బదిలీ చేసే ఫారం 29, 30 మీద సంతకం చేయండి. తేదీ, సమయం వేసిన అప్పగింత రసీదు తీసుకోండి. ఆర్సీ మీ పేరున ఉన్నంతకాలం ఆ కారు ప్రమాదం చేస్తే నోటీసు వచ్చేది మీ ఇంటికే.