ముల్లు గొంతు దిగితే గండం గడిచినట్టేనా?

"చేప ముల్లు గుచ్చుకుంటే కంగారు వద్దు" అనే వాట్సాప్ సందేశం మళ్లీ వచ్చింది. పంపుతున్నది బాగా చదువుకున్న స్నేహితులే, అందుకే మరీ బాధగా ఉంది.

నిమ్మరసం ముల్లును కరిగిస్తుందట. కరిగించదు. తాకి జారిపోయే రెండు గుక్కల పులుపుకు ఎముక కరగదు.

ఉత్తి అన్నం ముద్ద మింగాలట. పులసలో ఉండే వెంట్రుకంత ముల్లయితే దిగవచ్చు. బొచ్చె పక్కటెముక అయితే ఆ ముద్దే దాన్ని ఇంకా లోతుకు దించుతుంది.

ఇక మూడోది: "గొంతు దిగితే ఏ ప్రమాదమూ లేదు." మింగినవాటిలో చాలావరకు హాని చేయకుండా మలంలో పోతాయి, కాదనను. పోనివాటి మాటేమిటి? చేప ముల్లు, కోడి ఎముక ముక్క, టూత్‌పిక్, కుట్టు సూది, మొన ఉన్నదేదైనా జీర్ణాశయం చివరనో చిన్న పేగు మొదట్లోనో గోడను పొడుచుకుని బయటపడితే, ఆ పక్కనే ఉండేది కాలేయం ఎడమ భాగం. ముల్లు వెంట సూక్ష్మజీవులు చేరి చీముగడ్డ కడుతుంది. ఇలాంటి కేసు 1898లోనే వైద్య పత్రికకెక్కింది. జ్వరం, పొట్ట పైభాగంలో నొప్పి వారాల తరువాత, కొందరికి నెలల తరువాత మొదలవుతాయి. అప్పటికి ఆ చేపల పులుసు ఎవరికి గుర్తుంటుంది? అసలు ముల్లు మింగినట్టే తెలియనివాళ్లు ఎందరో. కట్టుడు పళ్ల సెట్టు అంగిలిని కప్పేసిన పెద్దవాళ్లకు నోట్లో ముల్లు తగిలినా తెలియకపోవచ్చు. మన దగ్గర కాలేయంలో చీము అనగానే ముందు అమీబాను అనుమానిస్తారు. మందులతో జ్వరం తగ్గుతుంది, సూదితో చీము తీస్తారు, ముల్లు లోపలే ఉంటే గడ్డ మళ్లీ తిరగబెడుతుంది. ఎండోస్కోపీతోనో ఆపరేషన్‌తోనో దాన్ని తీసేయాల్సిందే. మీ సందేశాన్ని నమ్మిన మనిషి డాక్టరు అడిగినా ముల్లు ఊసెత్తడు. ఆ మౌనానికి బాధ్యత ఎవరిది, ఫార్వర్డ్ చేసినవాళ్లది కాదా?

"ఎక్స్‌రే డబ్బు దండగ" అన్నారు. ఈ ఒక్కటీ దాదాపు నిజం! చేప ముల్లు, చెక్క పుల్ల ఎక్స్‌రేలో తరచుగా కనబడవు. కానీ అక్కడ ఆగిపోవడం ఘోరం. సీటీ స్కాన్‌లో ముల్లు సన్నటి తెల్ల గీతలా దొరుకుతుంది, అదీ ముల్లుందేమోనని వెతికితే. వెతకాలని డాక్టరుకు తట్టాలంటే రోగి నోరు విప్పాలి. కాబట్టి జ్వరం, పొట్ట నొప్పి తగ్గకపోతే, ఎన్నాళ్ల కిందట మింగినదైనా సరే, ఆ ముల్లు సంగతి చెప్పండి. పంపాలనుకుంటే ఈ ముక్క పంపండి.