అనుమతి లేని ఇల్లు

పాలస్తీనా ఊరి బావిలోకి ఇజ్రాయెల్ సైనికులు సిమెంటు పోయిస్తున్నారు. నీళ్ల పైపులు రంపంతో కోసేస్తున్నారు. 2025లో ఆస్కార్ గెలిచిన 'నో అదర్ ల్యాండ్' డాక్యుమెంటరీలో ఈ దృశ్యం ఉండేది కాసేపే. కానీ మర్చిపోవడం కష్టం. ఇల్లు కూల్చితే గుహలోనైనా తలదాచుకోవచ్చు, ఆ ఊరివాళ్లు చేస్తున్నదీ అదే. బావి పూడిస్తే ఏం చేస్తారు?

ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న పాలస్తీనా ప్రాంతం వెస్ట్‌బ్యాంక్ దక్షిణాన హెబ్రాన్ కొండల్లోని మసాఫర్ యత్తా పల్లెల కథ ఇది. ఇద్దరు పాలస్తీనీయులు, ఇద్దరు ఇజ్రాయెలీలు కలిసి తీశారు. చిత్రీకరణ చాలావరకు 2023 అక్టోబర్ 7 నాటి హమాస్ దాడికి ముందే జరిగింది. కాబట్టి యుద్ధం వల్లే ఇదంతా అనే సాకు ఇక్కడ అతకదు.

కూల్చడానికి చెప్పే కారణం ఒక్కటే, అనుమతి లేదని. అనుమతి అడిగితే ఇవ్వరు. 1980లలో ఈ నేలను సైనిక శిక్షణకు 'ఫైరింగ్ జోన్ 918'గా ప్రకటించారు. ఆనాటి వ్యవసాయ మంత్రి ఏరియల్ షరోన్ 1981లో ఒక సమావేశంలో అసలు ఉద్దేశం దాచుకోలేదు. కొండల్లో అరబ్ పల్లెలు విస్తరించకుండా ఆపాలన్నారు. ఆ మినిట్స్ బయటపడ్డాక కూడా, 2022 మేలో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు ఖాళీ చేయించడానికే మొగ్గింది. జోన్ ప్రకటించేనాటికి వాళ్లు అక్కడ శాశ్వత నివాసులు కారట! వెయ్యి మందికి పైగా జనం సంగతి అది.

ఎడారి అరబ్ తెగలైన బెదూయిన్ల పరిస్థితి ఇంకా విచిత్రం. దక్షిణ ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో ఉమ్ అల్ హిరాన్ వాసులను 1956లో అక్కడికి తరలించింది ఇజ్రాయెల్ సైన్యమే. వాళ్లు ఆ దేశ పౌరులు కూడా. 2024 నవంబరులో ఆ ఊరిని నేలమట్టం చేశారు, యూదుల కోసం కొత్త ఊరు కట్టాలని. అదే ఎడారిలోని మరో బెదూయిన్ పల్లె అల్ అరాకీబ్‌ను 2010 నుంచి రెండు వందలసార్లకు పైగా కూల్చారు. కూల్చిన ఖర్చు కూడా మీరే కట్టాలంటూ ఆ జనంపైనే కేసు వేసింది ప్రభుత్వం.

ఇలాంటి సినిమాలు ఒకవైపే చూపిస్తాయని విమర్శ. నిజమే, కెమెరా కూలుతున్న ఇంటి వైపు నిలబడింది. రేపు ఇక్కడ ఊరే లేదని ఎవరైనా వాదిస్తే, ఆ జనం చేతిలో మిగిలేది ఈ ఫుటేజీయే. ఆస్కార్ వచ్చినా అమెరికాలో పేరున్న పంపిణీ సంస్థ ఏదీ ఈ సినిమాను తీసుకోలేదు. చప్పట్లు కొట్టినవాళ్లకు ఆ తర్వాత ఎందుకంత టెన్షన్?

అవార్డు వచ్చిన మూడు వారాలకే దర్శకుల్లో ఒకరైన హమ్దాన్ బల్లాల్‌ను ఇంటి దగ్గరే సెటిలర్లు (ఆక్రమిత నేలలో స్థిరపడిన ఇజ్రాయెలీలు) కొట్టారు, సైనికులు పట్టుకెళ్లారు. ఆ ఏడాది జులై 28న, ఈ సినిమాకు సాయపడిన టీచర్ ఔదా హథలీన్ బెదూయిన్ ఊరు ఉమ్ అల్ ఖైర్‌లో కాల్పులకు బలయ్యారు. ఆ కాల్పులు ఆయన తీస్తున్న వీడియోలోనే రికార్డయ్యాయి. మృతదేహం కోసం ఊరి ఆడవాళ్లు నిరాహారదీక్షకు కూర్చోవాల్సి వచ్చింది. పది రోజులకు గానీ ఇవ్వలేదు.