డెలావేర్ కంపెనీ, గుడివాడ ముహూర్తం

మా బావమరిది ఒక అమెరికా కంపెనీకి అధిపతి. కూకట్‌పల్లి ఫ్లాట్‌లో, డైనింగ్ టేబుల్ మీద, ఆవకాయ జాడీకీ వైఫై డబ్బాకీ మధ్య దాని ప్రపంచ ప్రధాన కార్యాలయం. కాగితాల్లో మాత్రం డెలావేర్ రాష్ట్రం, విల్మింగ్టన్ నగరం. ఆ ఊళ్లో నార్త్ ఆరెంజ్ వీధి 1209 నంబరులో ఒంటి అంతస్తు ఇటుకల భవనం ఒకటుంది. 2012 నాటికే 2,85,000 కంపెనీలు ‘మా ఇల్లు అదే’ అనేశాయి. మన దగ్గర ఒక్క ఇంటి నంబరు మీద నలభై ఓట్లుంటే పేపర్లో వేస్తారు.

‘‘అమెరికాలో ఆఫీసు లేదు కనక అక్కడ పన్ను లేదు. ఇండియాలో కంపెనీ లేదు కనక ఇక్కడా లేదు. అంతే బావగారూ’’ అన్నాడు పెసరట్టు తుంచుతూ. త్రిశంకుడు మధ్యలో వేలాడుతున్నాడని ఇన్నాళ్లూ జాలిపడ్డాం. అది టాక్స్ ప్లానింగ్ అని తట్టనేలేదు.

ఆదాయపు పన్ను శాఖవారి దగ్గర దీనికో పద్యం ఉంది. ప్లేస్ ఆఫ్ ఎఫెక్టివ్ మేనేజ్‌మెంట్, పొట్టిగా పోయెమ్. కంపెనీ ఎక్కడ పుట్టిందన్నది కాదు, కీలక నిర్ణయాలు నిజంగా ఎక్కడ జరుగుతున్నాయన్నది చూస్తారు. ఇండియాలో జరిగితే అది ఇండియా నివాసి. కానీ రేటు మాత్రం విదేశీ కంపెనీదే, 35 శాతం. ఇల్లరికపుటల్లుడి బతుకన్నమాట: ఉండేది ఇక్కడే, లెక్క పరాయివాడి కింద. మా కృష్ణా జిల్లా నోటితో ఒకసారి పలికి చూడండి: పోయేం.

‘‘బోర్డు మీటింగు దుబాయ్‌లో పెడతా’’ అన్నాడు. 2017 జనవరి సర్క్యులర్ దానికీ జవాబు చెప్పింది. వేరెవరో తేల్చినదానికి బోర్డు ఊరికే తలూపితే, ఆ తేల్చినవారు ఉన్న చోటే అసలు చోటు. మరి ఈ కంపెనీలో తేల్చేదెవరు?

ఇక్కడే నాకు గుడివాడ సిద్ధాంతిగారు గుర్తొచ్చారు. కంపెనీ రిజిస్ట్రేషన్ ముహూర్తం ఆయనే పెట్టారు. పేరులో అక్షరాలు ఆయనే తగ్గించారు. అమెరికా భాగస్వామి వద్దని, జాతకం చూసి, ఆయనే అన్నారు. ‘‘విల్మింగ్టన్ తిథి చూడాలా, మన తిథా?’’ అని వీడు అడిగితే, పంచాంగం మీంచి తలెత్తకుండా చెప్పారట: ‘‘సంకల్పం చెప్పుకునేవాడు ఎక్కడ కూర్చుంటే అక్కడి తిథేనయ్యా.’’

సరిగ్గా ఈ మాటే 1906లో బ్రిటన్ ప్రభువుల సభ (అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమూ అదే) డీ బీర్స్ అనే వజ్రాల కంపెనీ కేసులో చెప్పింది. కంపెనీ పుట్టుక దక్షిణాఫ్రికాలో, వజ్రాల గనులు అక్కడే, ప్రధాన కార్యాలయం కింబర్లీలో. అయినా అసలు పెత్తనం లండన్‌లో నడుస్తోంది కనక పన్ను లండన్‌లోనే కట్టమన్నారు. ఆ ముక్క చెప్పించుకోవడానికి వాళ్లు ఎంతమంది బారిస్టర్లను పెట్టుకున్నారో. మా సిద్ధాంతిగారు నూటపదహార్లకే తేల్చేశారు.

అంతలో వాడి ఆడిటరు చల్లటి కబురు చెప్పాడు: ఏడాది టర్నోవరు 50 కోట్లు దాటని కంపెనీకి పోయెమ్ వర్తించదు. తాను చిన్నవాడినని తెలిసి అంత పొంగిపోయిన పారిశ్రామికవేత్తను నేను చూడలేదు. తర్వాత అదే ఆడిటరు గొంతు సవరించుకుని, భారత్-అమెరికా పన్ను ఒప్పందంలో స్థిర స్థావరాల జాబితా, అంటే పరాయి కంపెనీకి ఇక్కడ పన్ను తగిలించే చోట్ల జాబితా తీశాడు. మొదటి మాటే ‘నిర్వహణ స్థలం’. ఇద్దరి చూపూ ఆవకాయ జాడీ మీద పడింది. పైగా వీడు ఇక్కడి నివాసి; లోకంలో ఏ మూల సంపాదించినా ఇక్కడ లెక్క చెప్పాల్సిందే. రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూల్ ఒకటుంది. ఆ ఆస్తులు 20 లక్షలు దాటీ అందులో చూపకపోతే, నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా పడొచ్చు. ‘పన్నే లేదు’ అన్న అమెరికాకు కూడా ఏటా 5472 అనే ఫారం పంపాలి. మరిస్తే 25,000 డాలర్లు. వీడు రెండేళ్లుగా మరిచాడు.

ఇప్పుడు మావాడు కీలక నిర్ణయాలను చట్టబద్ధంగా విదేశానికి తరలించే పనిలో ఉన్నాడు. సిద్ధాంతిగారికి పాస్‌పోర్టు చేయించాడు, దుబాయ్‌కి టికెట్టూ తీశాడు. మూఢం వెళ్లేదాకా ప్రయాణం కుదరదన్నారట.