ఎల్స్‌కూ ఇఫ్‌కూ మధ్య

మన దేశంలో వానకు కూడా హోదాలున్నాయి. ఒక్క రోజులో 64.5 మిల్లీమీటర్లకు చేరితే భారీ వర్షమనీ, 115.6కు చేరితే అతిభారీ అనీ, 204.5 నుంచి అత్యంత భారీ అనీ వాతావరణ శాఖ నిర్ణయించింది. మా ఊరి జులై వానలకు ఈ హోదాలు పంచే పనిని ఆక్టేవ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో 13 వరుసల స్క్రిప్టుకు అప్పగించాను. అది ఒక్క రోజు లెక్కనైనా ముట్టుకోకుండా, 14వ వరుస దగ్గర పార్స్ ఎర్రర్, అంటే రాతలో వ్యాకరణ దోషం, ఉందని ప్రకటించింది. 14వ వరుస అసలు లేదు. రాసింది నేనే కాబట్టి ఈ సంగతి ప్రమాణం చేసి చెప్పగలను.

లేని వరుసలో తప్పెలా దొర్లిందో తేల్చడానికి నన్ను నేనే ఏకసభ్య విచారణ సంఘంగా నియమించుకున్నాను. సంఘం మొదటి గంట సెమికోలన్లను లెక్కపెట్టింది, రెండో గంట బ్రాకెట్లను జంటలుగా నిలబెట్టి చూసింది. అన్నీ చక్కగా సంసారం చేసుకుంటున్నాయి. మూడో గంటలో, కళ్లజోడు తుడుచుకున్నాక, 5వ వరుసలో ‘లేకపోతే’ అని చెప్పే ఎల్స్‌కూ, ‘ఇలా అయితే’ అని షరతు పెట్టే ఇఫ్‌కూ మధ్య ఒక ఖాళీ కనిపించింది. 7వ వరుసలో దాని తోబుట్టువు ఉంది.

ఆ రెండు మాటలూ కలిపి రాస్తే ఆక్టేవ్ వాటిని ఉమ్మడి కుటుంబంగా చూస్తుంది. విడదీశామా, ఎల్స్ ఇంట్లో కొత్త ఇఫ్ వేరుకాపురం పెట్టినట్టే, దాని వాటా ఎండ్, అంటే ముగింపు మాట, దానికి విడిగా ఇవ్వాల్సిందే. నేను ఇఫ్ కోసం రాసిన ఎండ్‌ను అన్నిటికన్నా లోపలి ఇఫ్ కాజేసింది, రోజులన్నిటినీ వరసగా తిప్పే ఫర్ లూపు కోసం దాచిన ఎండ్‌ను మధ్య ఇఫ్ కాజేసింది. పెద్ద ఇఫ్పూ, ఫర్ లూపూ విస్తళ్ల ముందు ఎదురుచూస్తుండగానే ఫైలు అయిపోయింది. తప్పు 5వ వరుసది, నింద 14వ వరుసకు: అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు.

ఈ పాపంలో ఫోర్ట్రాన్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషకు వాటా ఉంది. అందులో ఎల్స్‌నూ ఇఫ్‌నూ కలిపినా, విడదీసినా చెల్లుతుంది. ఆక్టేవ్ మాన్యువల్ ఫోర్ట్రాన్ పేరెత్తి మరీ ఈ విషయంలో హెచ్చరించింది కానీ, మాన్యువల్ చదివే వంశంలో నేను పుట్టలేదు. ఉత్త ఎండ్‌కు బదులు ఎండ్‌ఇఫ్, ఎండ్‌ఫర్ అని ఇంటిపేర్లతో రాసుకునే సౌకర్యాన్ని కూడా ఆక్టేవ్ ఇచ్చింది. అలా రాసి ఉంటే, తన జత ఇఫ్ కాదంటూ ఎండ్‌ఫర్ 12వ వరుసలోనే పంచాయితీ పెట్టేది. కవరు వెనకాల గబగబా లెక్కలు వేయడంలో పేరున్న ప్రొఫెసర్ ఆక్టేవ్ లెవెన్‌స్పీల్ పేరే ఈ సాఫ్ట్‌వేర్‌కు పెట్టారన్నది, ఈ సందర్భంలో, నాకు కొంచెం బాధ కలిగించే విషయం.

రెండు ఖాళీలూ తుడిచేశాక స్క్రిప్టు రెప్పపాటులో నడిచింది. మా ఊరి జులైలో 31 రోజులూ చివరి ఎల్స్ కిందే తేలాయి. భారీ అన్న హోదా ఒక్క వానకూ దక్కలేదు.