దారిలో ఉన్నా సార్

మాధ్యమిక దర్శనాన్ని, అదే బౌద్ధుల శూన్యవాదాన్ని, యూనివర్సిటీల్లో వెతకడం దండగ. అది మన ప్లంబర్ల దగ్గర పదిలంగా ఉంది. మూడ్రోజులుగా వంటింటి కుళాయి కారుతుంటే నాకీ సంగతి తెలిసొచ్చింది.

ఆ దర్శనానికి మూలపురుషుడు ఆచార్య నాగార్జునుడు తన గ్రంథం మూలమధ్యమకకారికలో రెండో ప్రకరణమంతా నడక మీదే ఖర్చుపెట్టాడు. నడిచేసిన దారిలో నడక లేదు, అయిపోయింది కాబట్టి. నడవని దారిలోనూ లేదు, ఇంకా మొదలవలేదు. ఈ రెండూ కాకుండా 'నడుస్తున్న దారి' అని విడిగా ఒకటుందా అంటే అదీ దొరకదు. క్రీ.శ. 2వ శతాబ్దం నాటి ఈ వాదనను ఇన్నాళ్ళూ తర్కం పేరున ఆడిన గారడీ అనుకున్నాను. ఇప్పుడు తెలిసింది, ఆయన విహారంలోనూ ఏదో కారుతూ ఉండి ఉంటుంది. ఆయనకీ నీళ్ళకీ ఎక్కడో లంకె ఉంది మరి. 1955లో పునాదిరాయి వేసిన ఆనకట్టకు ఆయన పేరే పెట్టాం. ఆయన పేరున్న లోయను ఆ నీళ్ళలోనే ముంచి, శిల్పాలను కొండెక్కించాం.

పొద్దున తొమ్మిదికి ఫోన్ చేస్తే "బయల్దేరా సార్". పదిన్నరకి "దారిలో ఉన్నా సార్". పన్నెండుకి "మీ సందు మలుపులోనే సార్". వెనకాల ఎవరింట్లోనో కుక్కర్ విజిల్. "అతను రాడు, చూస్తూండండి" అని మా ఆవిడ ఆఫీసుకెళ్తూ ముందే తేల్చేసింది. ఆవిడకి చతుష్కోటి, అంటే దేన్నైనా నాలుగు పక్షాలుగా చూసే తర్కం, తెలీదు పాపం. వస్తున్నాడు. రావట్లేదు. వస్తూనే రావట్లేదు. వస్తున్నాడనీ కాదు, రావట్లేదనీ కాదు. నాలుగూ కొట్టేస్తే మిగిలేది శూన్యం.

శూన్యమంటే ఏమీ లేదని కాదు సుమండీ, దేనికీ సొంతంగా ఉనికి లేదని. ఇతగాడి రాక హెల్పర్ కుర్రాడి మీద ఆధారపడింది. కుర్రాడు బండి మీద, బండి పెట్రోలు మీద, పెట్రోలు నిన్నటి ఇంటివాళ్ళు బాకీపడ్డ రెండొందల మీద. వాళ్ళూ "సాయంత్రం ఇచ్చేస్తాం" అన్నారట. ప్రతిదీ మరోదాని మీద ఆధారపడే పుడుతుందనే ప్రతీత్యసముత్పాదాన్ని ఇంత చవగ్గా ఏ పండితుడు బోధిస్తాడు?

నాలుగింటికి నిజంగానే వచ్చాడు. మెయిన్ వాల్వు కట్టేసి, కుళాయి విప్పి, వాషర్ వంక చూసి, "ఈ సైజు తేలేదు సార్, కొట్టుకెళ్ళి ఐదు నిమిషాల్లో వస్తా" అన్నాడు.

ఎనిమిదింటికి మా ఆవిడ ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ "వచ్చాడా?" అంది.

నాలుగింట్లో ఏది చెప్పాలో తేలక, సింకు గట్టు మీదున్న రెంచి చూపించాను.